నీలం కింద

రేకుముక్క పట్టుకుని పొద్దుటి నుంచీ
ఈ తలుపు ముందే కూర్చున్నాను.
పొద్దు అని అలవాటుగా అంటున్నాను గానీ
జనవరిలో మా ఊరికి సూర్యుడు రాడు,
కొండ అవతలి నుంచే పలకరించి వెళ్ళిపోతాడు.

మా నాటకాలన్నిటికీ ఉన్నది ఒకటే తలుపు.
రాజుగారి కోటకీ ఇదే, వడ్డీవ్యాపారి కొట్టుకీ ఇదే.
ఈసారి ఆసుపత్రి. తెలుపు కావాలి.
కొత్త రంగు నిలవడం లేదు,
పాతవి అట్టలు కట్టేశాయి,
గీకెయ్యి అన్నాడు ఇంగిమార్.

పైన ముదురెరుపు.
ఇది నేనే వేశాను, బ్యాంకులు కూలిన ఏడు.
టికెట్టుకి డబ్బుల్లేక జనం
ఎండుచేప తెచ్చారు, గొర్రెతొడ తెచ్చారు,
ఒకావిడ ఊలుమేజోళ్ళు ఇచ్చి
ఇద్దరికి సరిపోతాయా అని అడిగింది.
ఇంకా వేషాల పెట్టెలోనే ఉన్నాయవి.
ముగ్గురు ప్రభువులు తొడిగారు.

ఎరుపు కింద పసుపు.
చేపల ఫ్యాక్టరీకి పోలండ్ నుంచి వచ్చిన పిల్లలు
మా భాష రాకుండానే పోర్షన్ బట్టీపట్టిన ఏడు.
గ్రాజీనాకి ఉన్నది ఒక్కటే మాట:
"నాకు ఆకలిగా లేదు."
నెలరోజులు అప్పజెప్పింది.
తెర లేచాక, భోజనాల బల్ల ముందు,
"నాకు ఆకలేస్తోంది" అంది.
హాలు హాలంతా లేచి నిలబడింది.
ఇప్పుడు మా లెక్కలు చూసేది ఆవిడే,
పైసా వదలదు.

తర్వాత బూడిదరంగు. పల్చగా, నీళ్ళు కలిపినట్టు.
ఒక వేసవి హెర్రింగ్ చేప రాలేదు.
మరుసటి వేసవీ రాలేదు.
ఊరు సగం మూటాముల్లె సర్దుకుంది.
ఉప్పుపీపాల కొట్టు ఖాళీ అయితే
నాటకం అందులోకి మారింది.
అందుకే మా రాకుమార్తెలందరూ
ఈరోజుకీ చేపల వాసన వేస్తారు.
స్టేజీ మీద పదకొండుమంది, బెంచీల మీద తొమ్మిది.
రెండోరాత్రి వీళ్ళు అటు, వాళ్ళు ఇటు మారారట.
ఇది సిగుర్లౌగ్ చెప్పింది;
ఆవిడ కాస్త కలిపి చెబుతుంది.

బూడిద కింద నీలం.
మొండి రంగు, పెచ్చులుగా ఊడుతోంది.
దానికింద, చెక్క మీద, పెన్సిలు రాత.

"హ్రోల్ఫుర్: మూడుసార్లు తట్టాలి. ఆగాలి. అప్పుడు లోపలికి."

రేకుముక్క పక్కన పెట్టాను.

హ్రోల్ఫుర్ పేరు నాకు తెలుసు,
రేవు దగ్గర రాతి మీద ఉంది,
ఆ పడవలో పోయిన ఆరుగురిలో నాలుగోది.
అతను నటుడని ఎవరూ చెప్పలేదు.
పెళ్ళికొడుకు వేషమేమో.
సాయంత్రానికి ఒడ్డుకి వచ్చేస్తానని ఉంటాడు,
అందరూ అలాగే అంటారు.

మా దగ్గర ఏ నాటకమైనా సరే
తెర లేచే ముందు ఒకరు వెనక్కి వెళ్ళి
ఈ తలుపు మీద మూడుసార్లు తడతారు.
చిన్నప్పుడు ఆ పని నాదే.
నాటకమంటే ఎక్కడైనా ఇంతే అనుకున్నాను.
మొదటిసారి రెక్యావిక్ వెళ్ళి
పెద్ద థియేటర్‌లో కూర్చుని
ఆ మూడు దెబ్బల కోసం చెవి రిక్కించాను.
దీపాలు ఆరిపోయాయి, ఆట మొదలైపోయింది.
నాకు మాత్రం చాలాసేపటిదాకా మొదలవలేదు.

ఇంకొకటి కూడా ఇప్పుడే గుర్తొస్తోంది.
ఇంగిమార్ వాళ్ళమ్మ, స్టైనున్,
నలభై ఏళ్ళు వేషాలు కట్టింది,
అత్తగా, మంత్రసానిగా, ఒకసారి బిషప్‌గా కూడా.
ఏ వేషమైనా పక్కతెర నుంచే వచ్చేది.
తలుపు గుండా రమ్మంటే
మోకాలు నొప్పి అనేది.
గడప కూడా లేని తలుపుకి
మోకాలితో ఏం పనో మేం అడగలేదు.

రాత కింద ఇంకా ఒక రంగుంది, సన్నటి ఆకుపచ్చ.
ఎప్పుడో ఇసుకలో ఇరుక్కున్న ఓడది.
ఈ తలుపు అక్కడి నుంచే వచ్చిందంటారు.
అంతవరకూ నేను వెళ్ళను.

ఇంగిమార్ వచ్చాడు, ఇంకా ఎంతసేపని.
ఆసుపత్రి తలుపు మీద
అరచేయంత నీలం ఉంటే ఏమవుతుంది అన్నాను.
కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చదివాడు.
మళ్ళీ చదివాడు.
"అమ్మ చేతిరాత," అన్నాడు,
"ఎప్పుడూ అంతే, పొల్లు మర్చిపోతుంది."
కళ్ళద్దాలు తుడుచుకుని
కాఫీ చల్లారిపోతోంది రమ్మన్నాడు.